బాగానే ఉంది సార్

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వండి అన్నా అని తమ్ముళ్లు అడిగినప్పుడు మేము నలుగురం ఫోన్‌లోనే మాట్లాడుకున్నాం. ఇదే జహీరాబాద్ హాస్టల్‌లో, ఒకే హాలులో, గోడ పక్కన వరుసగా ట్రంకు పెట్టెలు పెట్టుకుని పదో తరగతి దాకా చదివినవాళ్లం మేము. న్యాల్కల్, ఝరాసంగం, కోహీర్, రాయికోడ్ మండలాల పిల్లలం. ఇప్పుడు మాలో ఒకరు డిగ్రీ కాలేజీలో లెక్చరర్, ఒకరు హైస్కూల్ టీచర్, ఒకరు బ్యాంకు ఉద్యోగి, ఒకరు సంగారెడ్డి దగ్గర ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. నిజానికి మేము ఐదుగురం. ఐదోవాడి సంగతి తర్వాత చెప్తాం.

ప్రతి ఏడు రాసే జ్ఞాపకాలే మళ్లీ రాద్దామా అని మొదట అనుకున్నాం. నీళ్ల చారు, చలికాలం స్నానాలు, సెకండ్ షో సినిమాకు గోడ దూకడం. అవి మీరూ రాస్తారు, మా కన్నా బాగా రాస్తారు. అందుకని వేరే సంగతి ఎత్తుకున్నాం. మీలో చాలామంది రేపు డిగ్రీకి, యూనివర్సిటీకి పోయేవాళ్లే. ఆ గేటు మీద పెద్ద అక్షరాలతో 'నాక్ ఏ గ్రేడ్', 'నాక్ ఏ ప్లస్' అని బోర్డు కనిపిస్తుంది. ఆ గ్రేడ్ ఎట్లా వస్తుంది, అందులో మనం ఎక్కడుంటాం అన్నది చెప్పాలని మా ఆలోచన. అయితే అది చెప్పాలంటే మన హాస్టల్ నుంచే మొదలుపెట్టాలి.

మా రోజుల్లో తనిఖీకి అధికారులు వస్తున్నారంటే ముందు రోజే మాకు తెలిసిపోయేది. ఎవరూ చెప్పనక్కర్లేదు. పప్పు చిక్కబడేది. బాత్రూముల దగ్గర బ్లీచింగ్ పౌడర్ వాసన వచ్చేది. ఎప్పుడూ తాళం వేసి ఉండే క్యారమ్ బోర్డు హాలులోకి వచ్చేది. మరునాడు పెద్ద సారు వచ్చి మాలో ఒకడి భుజం మీద చెయ్యి వేసి, "ఏం బాబూ, అన్నం మంచిగ పెడుతున్నరా?" అని అడిగేవారు. "బాగానే ఉంది సార్" అనేవాళ్లం. నలభై మందిని అడిగినా అదే జవాబు.

అట్లా చెప్పమని మాకు ఎవరూ నేర్పలేదు. నిజం చెప్పాలంటే ఎవరూ బెదిరించలేదు కూడా. చెప్తే ఏమైతదో అన్న భయం కొంత, చెప్పినా ఏమీ కాదన్న తెలివి కొంత. ఇంకొకటి కూడా ఉంది. ఇంటి దగ్గర అమ్మానాయినలు చెరకు కొట్టే కూలికి పోయి ఏం తింటున్నారో తెలియని పిల్లలం, మూడు పూటలా అన్నం పెట్టే చోటును వంక పెట్టడం మాకే తప్పనిపించేది. 'బాగానే' అన్న మాట తమాషా అయినది. దానిలో బాగున్నదీ ఉంది, బాగాలేనిదీ ఉంది. వినేవాళ్లు తమకు కావలసింది తీసుకుపోతారు.

ఈ జవాబును మేము ట్రంకు పెట్టెతో పాటు డిగ్రీ కాలేజీకి కూడా మోసుకుపోయాం. కాలేజీ పేరు ఇక్కడ అనవసరం. అది 2005. నాక్ బృందం వస్తుందని కాలేజీ అంతా హడావుడి. గోడలకు సున్నం, చెట్లకు ఎర్రమన్ను పూత, లైబ్రరీలో అట్టలు కూడా విప్పని పుస్తకాలు బయటికి వచ్చాయి. లేబొరేటరీలో మేము రెండేళ్లు చూడని పరికరాలు టేబుల్ మీద వరుసగా నిలబడ్డాయి. మాకు పప్పు చిక్కబడిన రోజులు గుర్తొచ్చి ఒకరినొకరం చూసుకుని నవ్వుకున్నాం. విద్యార్థులతో సమావేశం అని కొందరిని ఏరి కూర్చోబెట్టారు. హాస్టల్ పిల్లలు ఎప్పుడూ వరుసలో బుద్ధిగా కూర్చుంటారు కాబట్టి మమ్మల్ని ముందు బెంచీలో వేశారు. బృందంలోని ఒక పెద్దాయన, తెలుగాయన కాదు, ఇంగ్లీషులో నెమ్మదిగా, ప్రేమగానే అడిగాడు. మీకు ఇక్కడ ఏమైనా ఇబ్బందులు ఉన్నాయా అని. ఆయన అడిగిన ప్రశ్న మాకు అర్థమైంది. జవాబు ఇంగ్లీషులో రాలేదు. "నో సార్, గుడ్ సార్" అన్నాం.

ఆ రోజు మా పక్కన ఐదోవాడు కూడా ఉన్నాడు. ఇబ్బంది అంటే వాడిదే ఇబ్బంది. ఆ సంగతి మా అందరికీ తెలుసు.

నాక్ అంటే నేషనల్ అసెస్‌మెంట్ అండ్ అక్రెడిటేషన్ కౌన్సిల్. 1986 జాతీయ విద్యా విధానంలో వచ్చిన ఆలోచన మీద యూజీసీ 1994లో దాన్ని ఏర్పాటు చేసింది. ఆఫీసు బెంగళూరులో. మనకు తెలిసిన తనిఖీకీ దీనికీ ఒక తేడా ఉంది. నాక్ వాళ్లు ముందుగా వచ్చి చూడరు. ముందు మీ గురించి మీరే రాసుకోండి అంటారు. దాన్నే స్వీయ అధ్యయన నివేదిక అంటారు. మన భాషలో చెప్పాలంటే, పరీక్ష పేపరు దిద్దేది వేరేవాళ్లే, కానీ ఎక్కడ బాగా రాశావో, ఎక్కడ తప్పావో ముందు నువ్వే చెప్పి రుజువులు చూపించాలి. పాఠ్యాంశాలు, బోధన, పరిశోధన, వసతులు, విద్యార్థులకు తోడ్పాటు, పాలన, విలువలు అని ఏడు భాగాలు ఉండేవి. ఆ తర్వాతే ఇతర యూనివర్సిటీల ఆచార్యులతో ఒక బృందం వచ్చి రాసింది నిజమో కాదో చూసేది. ఈ పని ఏడాది పొడవునా నడవాలని ప్రతి కాలేజీలో ఐక్యూఏసీ అని ఒక విభాగం పెట్టి, ఏటా రిపోర్టు పంపమన్నారు.

మన జిల్లా కాలేజీలకు పెద్ద దిక్కు ఉస్మానియా. 2001లో దానికి ఫైవ్ స్టార్ వచ్చింది. అప్పుడు హోటళ్లకు ఇచ్చినట్టు నక్షత్రాలే ఇచ్చేవారు. మాలో ఇద్దరం పీజీ చదివిన రోజుల్లో, 2008లో, ఏ గ్రేడ్ వచ్చింది. శతాబ్ది జరుపుకున్న 2017లో ఏ ప్లస్ వచ్చింది. మేమూ సంతోషించాం, ఎందుకు సంతోషించం? అంబేద్కర్ గారికి 1953లో గౌరవ డాక్టరేట్ ఇచ్చిన యూనివర్సిటీ అది. ఆర్ట్స్ కాలేజీ మెట్లు మొదటిసారి ఎక్కినప్పుడు మాకు కాళ్లు వణికిన మాట నిజం.

ఆ మెట్ల మీదే మాకు తెలిసిన ఇంకో సంగతి చెప్పాలి. 1918లో మొదలైనప్పుడు ఉస్మానియా ఉర్దూలో పాఠాలు చెప్పింది. ఇంగ్లీషు లేకపోతే చదువు లేదన్న కాలంలో, డాక్టరీ, ఇంజినీరింగ్ పుస్తకాలు సైతం ఉర్దూలోకి తర్జుమా చేయించుకుంది. ఆ ఉర్దూ పల్లెటూరి తెలుగు పిల్లలకు ఎంత దగ్గరన్నది వేరే ప్రశ్న. కానీ క్లాసులో కూర్చున్నవాడికి పాఠం ఏ భాషలో అర్థమవుతుంది అన్న ప్రశ్న అప్పట్లో ఎవరో అడిగారు. మేము చేరేనాటికి ఆ ప్రశ్న అడిగేవాళ్లు లేరు.

ఐదోవాడు లెక్కల్లో మాకందరికీ గురువు. స్టడీ అవర్‌లో కరెంటు పోతే కందిలి పెట్టుకుని మాకు త్రికోణమితి చెప్పినవాడు. పదో తరగతిలో హాస్టల్ మొత్తానికి వాడివే ఎక్కువ మార్కులు. డిగ్రీలో ఇంగ్లీషు మీడియం తీసుకున్నాడు, తీసుకోమని చెప్పింది మేమే. లెక్క బోర్డు మీద ఉంటే అందుకునేవాడు, మాటల్లో ఉంటే పోగొట్టుకునేవాడు. మొదటి ఏడు రెండు పేపర్లు పోయాయి. స్కాలర్‌షిప్ డబ్బు చేతికి వచ్చేసరికి మెస్ బాకీ పెరిగిపోయింది. నాక్ బృందం వచ్చి పోయిన నాలుగు నెలలకు, దసరా సెలవులకు ఇంటికి పోయినవాడు తిరిగి రాలేదు. మేము ఒకసారి వాడి ఊరికి పోయి అడిగాం. "చూద్దాం తియ్ రా" అన్నాడు. రెండోసారి మేము పోలేదు. పరీక్షలు దగ్గరికొచ్చాయి అనుకున్నాం.

కాలేజీకి గ్రేడ్ వచ్చింది. మిఠాయిలు పంచారు. తిన్నాం.

చాలా ఏళ్ల తర్వాత మాలోని లెక్చరర్‌కు ఆ రిపోర్టు రాసే పని మీద పడింది. అదీ వేరే కాలేజీ, దాని పేరూ వద్దు. 2017లో నాక్ పద్ధతి మార్చింది. చాలా భాగం అంకెలే, ఆన్‌లైన్‌లో నింపాలి, ప్రతి అంకెకూ కాగితం జతచేయాలి. రాత్రి పన్నెండు దాకా కంప్యూటర్ ముందు కూర్చునే కమిటీలో మనవాడు ఒకడు. అప్పుడు గమనించినవి మాకు చెప్తూ ఉండేవాడు. యూనివర్సిటీలకైతే 1000 మార్కుల్లో పరిశోధనకు 250, విద్యార్థికి తోడ్పాటుకు 100. ప్రభుత్వ స్కాలర్‌షిప్ పొందిన విద్యార్థులు ఎంత శాతం అని ఒక గడి ఉంది. ఆ స్కాలర్‌షిప్ ఏ నెలలో చేతికి వచ్చింది అన్న గడి లేదు. పైచదువులకు ఎందరు పోయారు అని ఉంది. మధ్యలో ఇంటికి పోయినవాడి ఊరికి ఎవరైనా పోయి అడిగారా అన్న గడి ఉండదు కదా! పూర్వ విద్యార్థులు ఎన్ని లక్షలు ఇచ్చారు అని కూడా ఉంది. లక్షల్లో! హాస్టల్ పిల్లలం ఆ గడిలో ఎక్కడ కూర్చుంటాం?

ఇది చిన్న లోటని ఎవరైనా అంటే 2016 జనవరి 17 గుర్తు చేయాలనిపిస్తుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయిన రోజు. ఆ యూనివర్సిటీకి అప్పటికే నాక్ ఏ గ్రేడ్ ఉంది. ఆయన రాసి వెళ్లిన ఉత్తరంలో తనకు ఏడు నెలల ఫెలోషిప్ రావాల్సి ఉందని ఉంది. కారణాల మీద ఎంత వాదించుకున్నా, ఏడు నెలలు అనే ఆ అంకె ఏ నివేదికలోనైనా ముందుగా కనబడి ఉండాల్సింది అని మాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

మనవాడి కాలేజీకే వద్దాం. నివేదికలో సంస్థ బలాలు, బలహీనతలు, అవకాశాలు, సవాళ్లు అని నాలుగు ముక్కలు రాయాలి. బలహీనతలు రాసే పని మనవాడికి వచ్చింది. వాడు కూర్చుని ఐదోవాడిని తలచుకుని రాశాడు: 'తెలుగు మీడియం నుంచి, హాస్టళ్ల నుంచి వచ్చిన విద్యార్థులు మొదటి ఏడాది ఇంగ్లీషు పాఠాలు అందుకోలేక వెనకబడుతున్నారు. వారి కోసం కాలేజీ చేస్తున్నది చాలదు.' మరునాడు కమిటీలో అది చదివారు. ఎవరూ కోప్పడలేదు. ఒక సీనియర్ సార్, మంచి మనిషే, కళ్లజోడు సర్దుకుని, "దీన్ని బలహీనతల్లోంచి తీసి సవాళ్లలో పెడదాం. విద్యార్థుల గ్రామీణ నేపథ్యం అని రాద్దాం, ఒక్క మాటలో అయిపోతుంది" అన్నారు.

ఒక్క మాటలోనే అయిపోయింది. బలహీనత కాలేజీదిగా ఉన్నది, పిల్లవాడి ఊరిదైపోయింది.

మనవాడు అప్పుడు ఏమన్నాడని మేము అడిగాం. కాసేపు చెప్పలేదు. తర్వాత చెప్పాడు. "బాగానే ఉంది సార్" అన్నాడట!

వాడిని తిట్టడానికి మాకు నోరు రాలేదు. ముందు బెంచీలో మేమూ కూర్చున్నవాళ్లమే. కానీ వాడు ఊరికే ఉండలేదు. రిపోర్టులో పెట్టలేనిది టైం టేబుల్‌లో పెట్టాడు. ఉదయం ఒక గంట ముందు వచ్చి మొదటి ఏడాది పిల్లలకు పాఠం ముందు తెలుగులో చెప్పి, తర్వాత ఇంగ్లీషు మాటలు రాయిస్తున్నాడు. తర్వాతి ఏడాది రిపోర్టులో ఆ క్లాసు 'ఉత్తమ ఆచరణ' అని ఎక్కిందట. ఎక్కనీయండి.

మేము నాక్‌ను ఎగతాళి చేయడానికి ఇదంతా రాయట్లేదు. 2025 ఫిబ్రవరిలో గుంటూరు జిల్లాలోని ఒక విద్యాసంస్థకు మంచి గ్రేడ్ ఇవ్వడానికి లంచాలు తీసుకున్నారన్న కేసులో తనిఖీ బృందం సభ్యులను సీబీఐ అరెస్టు చేసినప్పుడు, ఇదంతా దొంగ వ్యవహారమే అన్నవాళ్లున్నారు. మాకు అట్లా అనిపించదు. తన లోపం తానే చెప్పుకోమనడం గొప్ప ఆలోచన. 2017 పద్ధతిలో పిల్లల్ని కూడా నేరుగా అడగమని ఇరవై ఒక్క ప్రశ్నల సర్వే పెట్టారు. సిలబస్ ఎంత పూర్తయింది అన్నది అందులో మొదటి ప్రశ్న. చివరి ప్రశ్నకు జవాబు మన మాటల్లో రాయొచ్చు. అట్లాంటి సర్వే మీకు వస్తే తమ్ముళ్లూ, పక్కన పడేయకండి. చివరి ప్రశ్నను ఖాళీగా వదలకండి.

అయినా తమ లోపం తామే చెప్పుకోవడం జహీరాబాద్‌కు కొత్తేం కాదు. పక్కనే పస్తాపూర్‌లో 1983 నుంచి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. 2019లో దానికి ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ బహుమతి కూడా వచ్చింది. మన ఊళ్ల దళిత మహిళల సంఘాలు 1990లలో బీడు భూములు సాగులోకి తెచ్చి, పండిన జొన్నలతో ఊరి ధాన్య నిధి పెట్టుకున్నాయి. ఆ జొన్నలు ఎవరికి ఎన్ని ఇవ్వాలో రేషన్ కార్డు చూసి తేల్చలేదు. ఊరివాళ్లు కూర్చుని నేల మీద ఊరి పటం గీసి, ఏ ఇల్లు ఎంత పేదదో అందరి ముందే తేల్చుకున్నారు. మాలో ఒకరి తల్లి అట్లాంటి కూటమిలో కూర్చున్నది. "మా ఇల్లు ఆఖరికి పెట్టుర్రి, మాకు మక్కలన్న ఉన్నయి, గామె ఇంట్ల ఏం లేవు" అన్నదట. ఆమె సంతకం పెట్టడం రాని మనిషి. ఆమె కొడుకులం మేము ముందు బెంచీలో కూర్చుని నోరు విప్పలేదు.

ఇది గుర్తొచ్చాకే ఈ సంచికకు వ్యాసంతో పాటు ఒక పని కూడా చేద్దాం అనుకున్నాం. గత నెల ఒక ఆదివారం నలుగురం హాస్టల్‌కు వచ్చాం. వార్డెన్ సార్‌ను అడిగాం, పిల్లలతో మేమే మాట్లాడతాం, మీరు రావద్దు సార్ అని. ఆయన ఒక నిమిషం ఆలోచించి, నవ్వి, "రాసినంక నాకు కూడా చూపించుర్రి" అని తాళాలు మాకిచ్చి టీ తాగడానికి పోయారు. ఇంత మర్యాదగా ఒప్పుకుంటారని మేము అనుకోలేదు, అది చెప్పాలి.

రెండు వందల పేజీల నోటు పుస్తకం కొన్నాం. పేర్లు రాయొద్దన్నాం. మొదటి అరగంట అందరూ అదే రాశారు. 'అన్నం బాగానే ఉంది.' మేము నలుగురం నవ్వాం, ఎందుకో పిల్లలకు అర్థం కాలేదు. అప్పుడు మా పాత కథలు చెప్పాం. చిక్కటి పప్పు కథ చెప్పాం, నో సార్ గుడ్ సార్ కథ చెప్పాం. ఆ తర్వాత పుస్తకం నిండటం మొదలైంది. బాత్రూముల తలుపులకు మూడింటికి లోపలి గడియలు లేవు. ఎనిమిదో తరగతి పిల్లవాడికి రాత్రి నిద్రలో భయం, చెప్పుకోవడానికి ఎవరూ లేరు. ఉడికిన గుడ్డు పెద్దవాళ్లు తీసుకుంటారు, చిన్నవాళ్లకు పగిలింది వస్తుంది. వంటామె మంచిది, కానీ ఆమె ఒక్కతే. ఒకడు రాశాడు: 'ప్రశ్న అడిగితే నవ్వుతారు, అందుకే నేను అడగను.' ఇంగ్లీషు క్లాసు గురించి రాశాడా, మా గురించే రాశాడా తెలియలేదు.

మేము ఒక ప్రశ్న పెట్టాం. పూర్వ విద్యార్థులు మీకు ఏం చేస్తున్నారు? దీనికి జవాబులు చదవడం కష్టమైంది. 'వార్షికోత్సవానికి వస్తారు, శాలువా కప్పించుకుంటారు, కష్టపడి చదవండి అంటారు.' 'పోయిన ఏడు ఒక అన్న డిక్షనరీలు ఇస్తా అన్నాడు.' ఆ అన్న మాలోనే ఉన్నాడు. తలవంచుకుని కూర్చున్నాడు.

పదిహేను, పదహారు పేజీల్లో ఒకే మాట వేర్వేరు చేతిరాతల్లో ఉంది. 'ఆటో అన్న వచ్చి లెక్కలు చెప్తడు.' 'ఆటో అన్న శనివారం వస్తడు.' 'ఆటో అన్న తిట్టడు.' ఎవర్రా ఆటో అన్న అని అడిగాం. బస్టాండ్ దగ్గర ఆటో నడుపుతాడట, సాయంత్రం బేరం లేనప్పుడు హాస్టల్ వాకిట్లో ఆటో ఆపి, బోర్డు మీద లెక్కలు చేయించి పోతాడట. పేరు అడిగితే చెప్పారు.

మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. వాడు జహీరాబాద్‌లో ఉన్నాడని తెలుసు. ఎదురుపడితే చెయ్యి ఊపుతాడు. ఇక్కడికి వస్తున్నాడని మాత్రం మాకు తెలియదు. ఇన్నేళ్లుగా మా లెక్కలో వాడు మధ్యలో ఆగిపోయినవాడు. ఆ సాయంత్రం బస్టాండ్‌కు పోయి వాడిని పట్టుకున్నాం. నోటు పుస్తకం చూపించాం. తిరగేసి చూసి, "గడియలు లేవని రాసిన్రు గదా, అదైతే ముందు చేయుర్రి" అన్నాడు. లెక్కల గురించి ఏమీ అనలేదు.

పోయిన ఆదివారం ఐదుగురం కలిసి వచ్చి గడియలు బిగించాం. హార్డ్‌వేర్ షాపులో మూడు కొన్నాం. రెండు సరిపోయాయి. మూడో తలుపు చెక్క పుచ్చిపోయి స్క్రూ పట్టలేదు, దానికి వడ్రంగి కావాలి. నోటు పుస్తకం వంటింటి పక్కన మేకుకు తగిలించి, పక్కన పెన్నుకు దారం కట్టి వచ్చాం.